ఎడమచేతమ్మ గెలిచిన శనివారం

మా చిలకలూరిపేట నుంచి ఉత్తరాంధ్రకు వెళ్లేవాళ్లు సింహాచలం కొండో, అరకు లోయో చూసి వస్తారు. నేను గరివిడి వెళ్లి వచ్చాను. ఎందుకు వెళ్తున్నావని మిల్లులో అడిగితే, టీవీలో టెన్నిస్ చూడటానికని చెప్పాను. టీవీ పేటలో లేదా అని నవ్వారు. ఉంది. అప్పలనాయుడు మాత్రం పేటలో లేడు.

ఆ మనిషి గురించి ముందు చెప్పాలి. లేకపోతే మూడు రోజులూ నేను పడిన కంగారు మీకు అర్థం కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేసి జిన్నింగ్ మిల్లులో తూకం దగ్గర చేరాను. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలోనే. అక్కడ పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలుంటాయి. ఆటలకు 796. ఆ అరలో టెన్నిస్ మీద మూడు పుస్తకాలుండేవి, రెండు ఇంగ్లీషువి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ రెండూ పూర్తిచేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాటి చలవే. రాకెట్ మాత్రం ఎన్నడూ పట్టలేదు.

ఎనిమిదేళ్ల కిందట సామ్యేలుగారని గరివిడిలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు ఫోనులో ఒక గ్రూపు పెట్టారు. ఏడుగురం చేరాం. అందరం ఒకే క్రీడాకారిణికి అభిమానులం. ఎక్కడో మంచు దేశపు పిల్ల, ఎడమచేత్తో ఆడుతుంది. ఆమె పేరు మా నోళ్లకు లొంగదు. "పైడితల్లమ్మ ఉన్నాది, నూకాలమ్మ ఉన్నాది. ఈవిడ ఎడంసేతమ్మ" అని పేరు పెట్టింది అప్పలనాయుడే. గజపతినగరం దగ్గరి రైతు. అతనిదీ ఎడమచేతి వాటమే. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం కలిపినందుకు వాళ్ల తాత చెంబుతో వేళ్ల మీద కొట్టాడట. ఆ చేత్తో ఏది అందించినా ఇంట్లో ఎవరూ పుచ్చుకునేవారు కాదట. "ఆ సేత్తోనే ఆ పిల్ల పెపంచకాన్ని ఓడిస్తన్నాది బావా" అనేవాడు నాతో.

రోజూ సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఫోను చేసేవాడు. "పేట బావా, పుస్తకంలో ఏటున్నాది సెప్పు." పూర్వం ఫ్రాన్సు దేశంలో ఈ ఆటను అరచేత్తోనే ఆడేవారని చెప్పిన రోజున "అయితే ఏ సెయ్యని అడిగినోడు ఎవుడూ నేడన్నమాట" అని మురిసిపోయాడు. ఒకరి ముఖం ఒకరం చూడలేదు గాని, నాకు అంత దగ్గరి స్నేహితుడు పేటలో కూడా లేడు.

ఎడమచేతమ్మ పెద్ద టోర్నీల్లో మూడుసార్లు ఫైనల్‌కు వచ్చి మూడుసార్లూ ఓడింది. మూడోది మూడేళ్ల కిందట. ఆ రోజు గరివిడిలో కరెంటు పోయింది. నాయుడూ మాస్టారూ ఇంకొందరూ ఫోను స్పీకరులో పెట్టుకుని మాస్టారి వాకిట్లో కూర్చున్నారు. మా మిల్లు ఆఫీసు గదిలో టీవీ ముందు నుంచి నేను పాయింటు పాయింటుకూ చెబుతున్నాను. నలభై-సున్నా అయింది. ఒక్క పాయింటు చాలు, అందుకు మూడు అవకాశాలు.

"సరం ముట్టించేయొచ్చా బావా?" అన్నాడు నాయుడు.

"ముట్టించు. ఇక్కణ్నుంచి ఓడినవాళ్లు లేరు. నేను చదివాను" అన్నాను.

వెయ్యి టపాకాయల సరం అది. పేలుతున్నంతసేపూ నా మాట వాళ్లకు వినిపించలేదు. పొగ తగ్గేసరికి మూడు అవకాశాలూ పోయాయి. ఇంకో అరగంటకు మ్యాచీ పోయింది. ఆ రోజు నుంచి నాయుడు నాతో మాట్లాడలేదు.

అతనికి తెలియనిది ఒకటుంది. అలాంటి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ క్షణంలో నోటికొచ్చింది, అన్నాను. నా మాటకు బరువు రావాలని "చదివాను" అని చేర్చాను.

ఈ జనవరి చివర ఎడమచేతమ్మ నాలుగోసారి ఫైనల్‌కు వచ్చింది. శనివారం, మన గడియారంలో మధ్యాహ్నం రెండింటికి. గురువారం సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కాను. ఆట మొదలయ్యేలోగా నాయుణ్ని కలిసి నిజం చెప్పాలి. ఆమె మళ్లీ ఓడితే ఆ తర్వాత చెప్పడానికి నోరు రాదు.

విజయనగరం

శుక్రవారం పొద్దున బస్టాండు దగ్గర దిబ్బరొట్టె తిన్నాను. అరచేయంత మందం, అడుగు ఎర్రగా కాలి, లోపల మెత్తగా ఉంది. మావైపు టిఫిను అంటే ముందు కారం, తర్వాత ఆలోచన. ఇక్కడి పచ్చడిలో కాస్త బెల్లం తగిలింది. ఇంకొంచెం కారం వేయమని అడిగితే హోటలాయన నన్ను పైనుంచి కిందకు చూసి "గుంటూరేటి?" అన్నాడు. టీ పది రూపాయలు. గ్లాసు మావైపు కన్నా పెద్దది. మనుషులు కూడా ఆ గ్లాసుల్లాగే తొణక్కుండా ఉన్నారు. నేనొక్కణ్నే టీ ఒలకబోసుకున్నాను.

గజపతినగరం బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ జామకాయల బుట్టతో కూర్చుంది. "ఏ ఊరు బాబూ? ఎవులింటికి?" అని మొదలుపెట్టింది. మావైపు కూడా అడుగుతారు గాని జవాబు వినకుండానే తమ సంగతి చెప్పుకుంటారు. ఈమె జవాబు కోసం ఆగింది. అలా ఆగి చూస్తుంటే దాచలేక, ఒక స్నేహితుణ్ని క్షమించమని అడగడానికి వెళ్తున్నానన్నాను.

"అప్పేటి?"

"కాదమ్మా. ఒక మాట."

"అప్పయితే నిమ్మలంగా ఎల్లినా పర్నేదు. మాటైతే బేగి ఎల్లు" అని ఒక జామకాయ నా చేతిలో పెట్టింది. డబ్బిస్తే పుచ్చుకోలేదు.

ఆమె దిగిపోయాక, నాయుడితో ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు వాక్యాలు రాసి రెండు కొట్టేశాను. తలెత్తేసరికి గజపతినగరం వెనక్కి పోయింది. కండక్టరు "ఇందాక అరిసినాను గదండీ" అంటూ దింపేశాడు. ఎండలో వెనక్కి నడిచాను. మాటైతే బేగి వెళ్లాలట. ఇలా అయితే వెళ్లినట్టే.

గజపతినగరం దాటి

టీకొట్టు దగ్గర అప్పలనాయుడుగారి ఊరికి దారి అడిగాను.

"ఏ అప్పలనాయుడండీ? ఈసుట్టుపక్కల ఓ పదిమందుంటారు."

"టెన్నిస్ చూస్తాడు..."

"ఓ, సరం నాయుడా! ఆ మాట ముందు సెప్పరేటి?" అన్నాడు కొట్టాయన. బెంచీ మీద ఉన్న ఇద్దరు నవ్వారు. ఒకతను "ఓడిపోయే ఆటకి సరం కాల్చినోడు" అని నాకు వివరంగా చెప్పాడు, నాకు తెలియదన్నట్టు.

టీ తాగలేకపోయాను. మూడేళ్లుగా అతని పేరు అది. ఆ పేరు పెట్టింది ఆ ఊరు కాదు, నేనే. ఇక్కడికి మూడు వందల మైళ్ల దూరంలో కూర్చుని, చదవని పుస్తకం పేరు చెప్పి పెట్టాను.

ఊరు రోడ్డుకు రెండు కిలోమీటర్లు. వరి కోతలైపోయి మోళ్లు మిగిలాయి. కొన్ని మడుల్లో పెసర, నీళ్లున్నచోట మొక్కజొన్న. మావైపు ఈ రోజుల్లో ఎటు చూసినా పత్తీ మిరపా. ఇక్కడి పచ్చదనం కంటికి చల్లగా ఉంది. నేనది చూస్తూ నడిచే స్థితిలో లేను.

నాయుడి భార్య రమణమ్మ వాకిలి ఊడుస్తోంది. పేరు చెప్పగానే చీపురు పక్కన పెట్టింది. "పేట అన్నయ్యా? ఇంత సన్నంగా ఉన్నారేటి? ఫోన్లో గొంతిని లావుగా ఉంటారనుకున్నాను. కూకోండి." నీళ్లిచ్చి, ఒక కుర్రాణ్ని పొలానికి పంపింది.

కంచుగిన్నెలో సోడి అంబలి పోసి, పచ్చి ఉల్లిపాయా ఆవపెట్టిన అరటికాయ కూరా పెట్టింది. సోళ్లంటే మేం రాగులనేవి. అంబలి మావైపు రోగులకు పోస్తారు. ఇక్కడ అతిథికి పోస్తారు. ఆ ఆవ ఘాటుకు ముక్కు దిమ్మెక్కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏడవకండన్నయ్యా, వస్తాడు" అంది ఆమె నవ్వుతూ.

గంట గడిచింది. ఆయన రాలేదు. రమణమ్మ నన్ను పెరటి గోడ దగ్గరకు తీసుకెళ్లి వేలు చూపించింది. "అదిగో. నిలబడ్డాడు సూడండి, కొంగలాగ."

మూడు మడుల అవతల, మొక్కజొన్న పక్కన, తలకు తువ్వాలు చుట్టుకున్న పొడుగాటి మనిషి. ఎనిమిదేళ్ల స్నేహితుణ్ని మొదటిసారి అలా చూశాను. ఆయనా మావైపే చూస్తున్నాడు. చెయ్యెత్తాను. ఆయన వంగి కాలవలో ఏదో సర్దుకోసాగాడు.

"ఒలె ఒలె, ఎంత పట్టుదలో" అంది రమణమ్మ. "ఆ దొరసానమ్మ కోసం ఈ మూడేళ్లూ ఆదివారం ఆదివారం ఉప్పు మానేసినాడు. అరసవిల్లి సూర్యనారాయణుడికి మొక్కుకున్నాడు, అమ్మ గెలిసిన్దాకా ఆదివారం సప్పిడి తింటానని. నా ఇంట్లో ఆదివారం కూర సూస్తే కుక్క కూడా పక్కింటికెల్తాది."

"రేపు మాస్టారింటికి వస్తాడా చెల్లెమ్మా?"

"వస్తాడు. మీరుంటే లోపలికొస్తాడో రాడో నాను సెప్పనేను." పొలం వైపే చూస్తూ, "మీరంటే కోపం కాదన్నయ్యా. మీరు సెప్పిందల్లా నమ్మీసినాడు. అందుకు ఆడి మీదే ఆడికి కోపం" అంది.

తిరుగు బస్సులో ఆ మాటే తిప్పితిప్పి ఆలోచించాను. కోపమైతే పోతుంది. నమ్మినందుకు సిగ్గుపడేవాడికి, అసలు నేను చదవనేలేదని తెలిస్తే?

గరివిడి

శనివారం పొద్దున గరివిడి చేరాను. కర్మాగారం ఉన్న చిన్న ఊరు, దుకాణాల ముందు లారీలు, నల్లటి దుమ్ము. మాస్టారి ఇల్లు బాప్టిస్టు చర్చి వెనక వీధిలో ఉంది. ఇంటికీ చర్చికీ మధ్య ఖాళీ స్థలంలో సున్నంతో గీసిన మట్టి కోర్టు, మధ్యలో చేపల వలలాంటి నెట్టు. పాతికేళ్ల కిందట కూలి పనికొచ్చిన నాయుడు ఇక్కడే ఆ కోర్టు మీద రాతి రోలరు లాగేవాడట. ఎడమచేత్తో బంతి తిరిగి విసురుతుంటే మాస్టారు చూసి రాకెట్ ఇచ్చారట.

మాస్టారి భార్య కమలమ్మగారు పొయ్యి మీద పాలు పెట్టి కోవా కలుపుతున్నారు. వంటింటి గుమ్మంలోంచి హాల్లో టీవీ కనిపిస్తుంది. పన్నెండు దాటేసరికి గ్రూపులోని మిగతా నలుగురూ వచ్చారు. ఎవరి చోటు వారిది. సెమీఫైనల్ నాడు ఎక్కడ కూర్చున్నారో అక్కడే, అదే చొక్కాతో. నాకు చోటు లేదు. మాస్టారు ఆలోచించి, తలుపు పక్కన బియ్యం డబ్బా మీద కూర్చోబెట్టారు. "ఏం పర్లేదు సుబ్బారావుగారూ, ఇవన్నీ మూఢనమ్మకాలు" అన్నారు. తర్వాత "కాళ్లు మాత్రం లోపలికి పెట్టుకోండి" అన్నారు.

కమలమ్మగారు కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే మాస్టారు పట్టుకున్నారు.

"ఏమే, ప్రార్థనా? అవతలి పిల్ల కూడా దేవుడి బిడ్డే. ఆమె ఓడాలని మనం అడక్కూడదు."

"నాను అలగేం అడగనేదు. మోకాలు నొప్పి రాకుండా సూడు తండ్రీ అన్నాను. ఎవుల మోకాలో ఆయనకి తెలుసు."

ఒకటిన్నరకు మోపెడ్ చప్పుడైంది. నాయుడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. దగ్గర్నుంచి చూస్తే ముఖం నేను ఊహించినదాని కన్నా పెద్దది. నోరు తెరిచాను. "నాయుడూ, నేను..." అనేసరికి ఆయన వరండాలోనే రోడ్డు వైపు తిరిగి మెట్టు మీద కూర్చున్నాడు, వీపు మాకు పెట్టి.

"మూడేళ్లుగా ఇంతే" అన్నారు మాస్టారు మెల్లగా. "ఆట కళ్లతో చూడడు, వింటాడు. ఇప్పుడేం మాట్లాడకండి. అయ్యాక చూద్దాం."

అయ్యాక. నేను భయపడింది ఆ మాటకే.

మొదటి సెట్టు ఎడమచేతమ్మ పోగొట్టుకుంది. గదిలో ఎవరూ నావైపు చూడలేదు, చూడకూడదని చూడలేదు. రెండో సెట్టులో కమలమ్మగారు గరిటె ఆపినప్పుడల్లా పాయింటు పోతోందని ఒకతను కనిపెట్టాడు. "ఆపకండమ్మా!" అని అందరూ అరిచారు. ఆవిడ ఆపలేదు. ఎడమచేతమ్మ సర్వీసు కుడివైపు మూలకు వంగివెళ్తోంది. ఎడమచేతివాళ్ల బంతి ఎదుటివాళ్లకు అలవాటు లేని వైపుకు తిరుగుతుందని నేను చదివింది (ఇది నిజంగానే చదివాను) కళ్ల ముందు జరుగుతోంది. ఎవరికీ చెప్పలేదు. రెండో సెట్టు ఆమెదే.

మూడో సెట్టు ఐదు-మూడు. ఒక్క గేము చాలు. గేము పోయింది. ఇంకోటీ పోయింది. ఐదు-ఐదు. నా చొక్కా వీపుకు అతుక్కుంది. నేను రాకపోతే బాగుండేదని నాకే అనిపించింది. లేచి బజారులోకి పోదామనుకుని, కదిలితే దాని వల్ల ఓడుతుందేమోనని కదల్లేదు. వరండాలో నాయుడి వీపు కూడా కదల్లేదు. కోవా మాడిన వాసన వస్తోంది. ఆపమని ఎవరూ అనలేదు.

ఆరు-ఐదు. నలభై-ముప్ఫై. ఎడమచేతమ్మ బంతిని నేలకు నాలుగుసార్లు కొట్టి పైకి విసిరింది. అవతలి అమ్మాయి తిప్పికొట్టిన బంతి నెట్టుకు తగిలి అటే పడిపోయింది.

ఎడమచేతమ్మ మోకాళ్ల మీద కూలబడింది. టీవీలో జనం లేచి అరుస్తున్నారు.

మాస్టారి హాల్లో ఎవరూ అరవలేదు. నేను చూసిన వింతల్లోకెల్లా వింత అదే. కమలమ్మగారితో కలిపి ఏడుగురం, ఊపిరి బిగబట్టి, గెలుపును చూస్తూ గెలిచిందని అనడానికి భయపడి కూర్చున్నాం. ఒక్కొక్కరే నావైపు తిరిగారు.

"సుబ్బారావుగారూ" అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. "ఇంకేమైనా ఉందా? రూలు ఏదైనా?"

"లేదు మాస్టారూ. ఇద్దరూ నెట్టు దగ్గర చేతులు కలిపారు. అంపైరుతో కూడా."

"అంటే?"

"అయిపోయింది. గెలిచింది" అన్నాను.

వరండాలోంచి నాయుడు తిరగకుండానే పిలిచాడు. "అమ్మా! కమలమ్మగారూ! కప్పు సేతికిచ్చినారేటి?"

"ఇంకా నేదురా."

"ఇచ్చినాక సెప్పండి."

నా మాట ఆయనకు చాలలేదు. తప్పు పట్టలేను. కుర్చీలు తెచ్చి, తివాచీ పరిచి, పెద్దమనుషులు ఉపన్యాసాలు చెప్పేంతసేపూ, పావుగంటకు పైనే, ఆ గదిలో ఎవరూ లేవలేదు, కమలమ్మగారు గరిటె ఆపలేదు. చివరికి వెండి కప్పు ఎడమచేతమ్మ చేతుల్లోకి వచ్చింది. ఆమె దాన్ని ఎడమ చంకలో పెట్టుకుని ఏడ్చింది.

"ఇచ్చినార్రా నాయుడా! ఇచ్చినారు!" అని కమలమ్మగారు గరిటె ఎత్తి అరిచారు.

అప్పుడు లేచిందండీ ఇల్లు. ఒకతను బల్లెక్కాడు. మాస్టారు పెళ్లినాడు కూడా అంత నవ్వలేదని కమలమ్మగారే అన్నారు. నాయుడు లోపలికి పరిగెత్తుకొచ్చి, టీవీ ముందు కింద కూర్చుని, తెరను రెండు చేతులా పట్టుకుని, "తల్లీ, తల్లీ" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కింటివాళ్లు ఎవరో పోయారనుకుని వచ్చారు.

మట్టి కోర్టు

పండగ ఎలా చెయ్యాలో మాస్టారు ముందే నిర్ణయించారు. సాయంత్రం అందరూ కోర్టులో ఆడాలి, ఎడమచేత్తో మాత్రమే.

చర్చి నుంచి పిల్లలూ పెద్దలూ వచ్చి చుట్టూ చేరారు. కుడిచేతి వాటం వాళ్లు ఎడమచేత్తో రాకెట్ పట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. బంతులు చర్చి కప్పు మీదకీ, పక్కింటి బట్టల మీదకీ, ఒకటి పాస్టరుగారి భోజనం బల్ల మీదకీ పోయాయి. ఎవరికి ఒక్క బంతి తగిలినా చప్పట్లు. నాయుడు ఒక్కడే అటు నిలబడి అందరికీ వరసగా మెత్తగా బంతులందిస్తున్నాడు. మాడిన కోవా చేతులు మారుతోంది. చేదు, తీపి కలిసి బాగానే ఉంది.

"పేటాయన ఆడనేదు!" అని ఎవరో అరిచారు. నన్ను తోశారు. నలభై ఏడేళ్ల వయసులో మొదటిసారి రాకెట్ పట్టుకున్నాను. అనుకున్నదాని కన్నా తేలిక.

నాయుడు నన్ను చూశాడు. అందరికీ కిందనుంచి మెత్తగా వేసినవాడు, నాకు బంతిని పైకి ఎగరేసి, వెనక్కి వంగి కొట్టాడు. అది నా చెవి పక్కనుంచి పోయింది. రెండోది తొడకు తగిలింది. మూడోది నేను చూడనేలేదు. జనం గొల్లున నవ్వారు. నాయుడు నవ్వలేదు. పన్నెండు బంతులు కొట్టాడు. నేను పక్కకు తప్పుకోలేదు. ఆ తర్వాత ఆయన రాకెట్ కింద పెట్టి వెళ్లిపోయాడు. "ఇంకొక్కటి!" అని పిల్లలు అరుస్తూనే ఉన్నారు.

తొడ మీద వాపుకు కమలమ్మగారు పసుపు రాసుకోమని ఇచ్చారు. "మంచిదే తమ్ముడూ. కొట్టినాడంటే కొంత దిగినట్టే" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆమె గెలిచింది, ఊరంతా సంతోషంగా ఉంది, నేను వచ్చిన పని మాత్రం అలాగే ఉంది.

అరసవల్లి

ఆదివారం పొద్దున నాయుడు మొక్కు తీర్చుకోవాలి. మాస్టారు ఒక వ్యాను మాట్లాడారు. శ్రీకాకుళంలో వాళ్ల మరదలి చర్చిలో ఆరాధనకు వెళ్తామని దంపతులిద్దరూ దారిలో దిగిపోయారు. దిగేముందు మాస్టారు నా భుజం మీద చెయ్యేసి "ఇక్కణ్నుంచి మీరిద్దరే" అన్నారు. ఆయన పథకం నాకప్పుడు అర్థమైంది. నాయుడికీ అర్థమైనట్టుంది, కిటికీలోంచి బయటకు చూడసాగాడు.

ఆదివారం అరసవల్లిలో బళ్లు కదలవు. వ్యాను డ్రైవరు గుడికి దూరంగానే దింపేశాడు. పూలూ కొబ్బరికాయలూ అమ్మే కొట్ల మధ్య జనంలో నడుస్తున్నాం, ఆయన రెండడుగులు ముందు. ఏడాదిలో కొన్ని రోజులు ఉదయకిరణాలు సరిగ్గా మూలవిరాట్టు పాదాల మీద పడేలా ఈ గుడి కట్టారని చదివాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకోటి చెప్పాలి.

బస్సులో రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. తియ్యలేదు.

"నాయుడూ. ఆ రోజు నలభై-సున్నా దగ్గర, చదివానని చెప్పాను. చదవలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. గొప్ప కోసం అన్నాను."

ఆయన ఆగిపోయాడు. వెనకవాళ్లు మమ్మల్ని తోసుకుంటూ పక్కనుంచి పోతున్నారు. తిరిగి, నా ముఖంలోకి చూశాడు.

"పుస్తకంలో నేదా?"

"లేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు. నన్ను క్షమించు."

"ఓరి నీ..." అన్నాడు. తలమీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "మూడేళ్ల నుండి ఆ పుస్తకం రాసినోణ్ని తిడతన్నాను గదా బావా! ఆడి అమ్మనీ అబ్బనీ వదల్నేదు. పాపం ఆడెవుడో!"

నవ్వుతున్నాడో కోపగించుకుంటున్నాడో తెలియలేదు. బావా అన్నాడు, అది మాత్రం విన్నాను. మళ్లీ నడవసాగాడు. ఈసారి ముందు కాదు, పక్కనే. పూల కొట్లు రెండు దాటాం.

"మరి మే నెల్లో మట్టి కోర్టు మీద ఆడతాది గదా" అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "మట్టి మీద గెలుస్తాదేటి? నువ్వేటంతావు?"

పాత ప్రశ్న, పాత గొంతు. మట్టి మీద బంతి నెమ్మదిగా, ఎత్తుగా లేస్తుందని నాకు తెలుసు. ఎడమచేతివాళ్లు అక్కడ ఎలా ఆడతారో పది వాక్యాలు చెప్పగలను. ఆయన అడిగింది అది కాదు.

"తెలీదు నాయుడూ" అన్నాను.

ఆయన తలాడించాడు. ఆ జవాబును కాసేపు మనసులో తూచి చూసుకున్నట్టున్నాడు. "నాకూ తెల్దు" అన్నాడు.

గుడి ముందు చెప్పులు పెట్టే చోట ఒకామె గుడ్డ సంచులు ఇస్తోంది. మనిషికో సంచి, సంచికో నంబరు బిళ్ల. నాయుడు తన చెప్పులు సంచిలో వేశాడు. నేను నా సంచి కోసం చెయ్యి చాపాను. ఆయన వంగి, నా చెప్పులు తీసి, తన వాటి పక్కనే కుక్కి, మూతి బిగించి ఆమెకిచ్చాడు.

"ఒక్క బిల్ల సాలమ్మా" అన్నాడు.